గోథిక్ రీమేక్ కోసం ఎదురుచూపు: తరచుగా అడిగే ప్రశ్నలు

గోథిక్ రీమేక్ వస్తోందని చెప్పగానే స్నేహితులు, ఆఫీసులో తమ్ముళ్లు, మా బావ కొడుకు అందరూ దాదాపు అవే ప్రశ్నలు అడుగుతున్నారు. జవాబులన్నీ ఒకచోట ఉంటే మేలని రాస్తున్నాను. పాత గేమ్ ఆడినవాళ్లు మొదటి రెండు ప్రశ్నలు వదిలేసి ముందుకు వెళ్లొచ్చు.

అసలు గోథిక్ అంటే ఏ గేమ్?

2001 మార్చిలో జర్మనీలో విడుదలైన పీసీ గేమ్. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు కదా, ఆ రకం. ఒక మనిషిని మన చేతికిస్తారు. వాడి బలం, పనితనం, స్నేహాలు, పగలు అన్నీ మనం చేసే పనులను బట్టి పెరుగుతాయి. దీన్ని చేసింది పిరాన్యా బైట్స్ అనే చిన్న జట్టు. రూర్ ప్రాంతంలోని బోఖుమ్‌లో మొదలై, తర్వాత పక్కనే ఉన్న ఎసెన్‌కు మారింది. రూర్ అంటే జర్మనీకి బొగ్గు ఇచ్చిన నేల. కొత్తగూడెం, రామగుండం వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే అది వాళ్ల సింగరేణి. అక్కడ పుట్టిన గేమ్ గనుల్లో మగ్గే ఖైదీల కథ కావడం నాకు ఎప్పుడూ ఆసక్తిగా అనిపిస్తుంది.

కథ ఏమిటి? స్పాయిలర్ లేకుండా చెప్పగలరా?

మొదటి పది నిమిషాల్లో తెలిసేది మాత్రమే చెబుతాను. మిర్తానా రాజ్యానికి ఓర్కులు అనే రాక్షస జాతితో యుద్ధం నడుస్తోంది. ఆయుధాలకు మాయా ఖనిజం కావాలి. దాన్ని తవ్వడానికి ఖోరినిస్‌లోని లోయకు ఖైదీలను పంపిస్తారు. పెద్ద నేరమైనా, చిన్న నేరమైనా శిక్ష ఒక్కటే. వాళ్లు పారిపోకుండా రాజు రెండవ రోబార్ మాంత్రికుల చేత లోయ చుట్టూ ఒక మాయా తెర కట్టిస్తాడు. ఆ మంత్రం అదుపు తప్పి, తెర అనుకున్నదానికంటే బాగా పెద్దదై మాంత్రికులను కూడా లోపలే బంధించేస్తుంది. లోపలికి ఎవరైనా రావచ్చు, ప్రాణాలతో బయటికి మాత్రం పోలేరు. ఆ గందరగోళంలో ఖైదీలు కాపలావాళ్ల మీద తిరగబడి లోయను చేజిక్కించుకుంటారు. రాజుకు ఖనిజం లేనిదే గడవదు కాబట్టి, ఇక వాళ్లు అడిగినవన్నీ పంపుతూ ఖనిజం తీసుకోవడం తప్ప గత్యంతరం లేదు.

ఆ లోయలోకి కొత్తగా తోసేసిన ఖైదీయే మన హీరో. వాడికి పేరు లేదు, గేమ్ మొత్తంలో ఎవరూ చెప్పరు. చేతిలో ఒక ఉత్తరం, అగ్ని మాంత్రికుల పెద్దకు అందించాలి. నీళ్లలో పడి ఒడ్డుకు చేరగానే స్వాగతం పేరుతో ముఖం మీద గుద్దుతారు. డియెగో అనే మనిషి వచ్చి వాళ్లను తరిమేసి, ఇక్కడ బతకాలంటే ఏం చేయాలో చెబుతాడు. కథ అక్కడి నుంచి.

పాతికేళ్ల నాటి గేమ్ కోసం ఇంత ఎదురుచూపు ఎందుకు?

నన్ను అన్నిటికంటే ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. దీనికి కాస్త తీరిగ్గా జవాబిస్తాను.

మామూలుగా ఇలాంటి గేముల్లో మనం మొదటి నిమిషం నుంచే గొప్పవాళ్లం. ఊళ్లోకి అడుగుపెట్టగానే జనం మన చుట్టూ చేరి కష్టాలు చెప్పుకుంటారు. గోథిక్‌లో మనల్ని ఎవరూ పట్టించుకోరు. ఖైదీల మూడు శిబిరాల్లో ఒకటైన పాత శిబిరంలోకి వెళ్తే బ్లడ్‌విన్ అనే కాపలావాడు ఎదురై, పది ఖనిజపు ముక్కలిస్తే (అక్కడ డబ్బు అదే) నిన్ను కాపాడతా అంటాడు. మామూళ్లన్నమాట. ఇవ్వనంటే ఆ మాట గుర్తుపెట్టుకుంటాడు. ఎవరితోనైనా తలపడి ఓడిపోతే చంపరు. కింద పడేసి, మన జేబులోని ఖనిజం, చేతిలోని కత్తి తీసుకుని వాళ్ల దారిన వాళ్లు పోతారు. లేచి దుమ్ము దులుపుకుని మళ్లీ మొదలుపెట్టాలి.

నేను ఈ గేమ్ మొదట చూసింది చదువు కోసం జర్మనీ వెళ్లినప్పుడు. హాస్టల్లో పక్క గది కుర్రాడి పాత లాప్‌టాప్‌లో. "ఒక గంట ఆడు, నేనేమీ చెప్పను" అన్నాడు. ఆ గంటలో కోడిలా గెంతుకుంటూ వచ్చే స్కావెంజర్ పక్షి చేతిలోనే నాలుగుసార్లు చచ్చాను. ఆ దేశంలో నాకు అప్పటికి భాష రాదు, ఎవరూ తెలియదు, రేషన్ కార్డు లాంటి కాగితం ఒక్కటీ లేదు. ఆ గేమ్‌లో వాడి పరిస్థితి, బయట నా పరిస్థితి ఒక్కటే అనిపించింది. పదిహేను రోజుల తర్వాత అదే పక్షిని రెండు దెబ్బల్లో పడగొట్టినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఇంకో చిన్న విషయం. ఇది దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. కత్తి పట్టడం నేర్చుకోకముందు హీరో ఒంటిచేతి కత్తిని రెండు చేతులతో కర్రలా పట్టుకుంటాడు. దెబ్బ వేసిన ప్రతిసారీ తూలిపోతాడు. శిబిరంలో గురువును వెతికి, లెవెల్ పెరిగినప్పుడు వచ్చే పది లెర్నింగ్ పాయింట్లలో కొన్ని ఖర్చుపెట్టి నేర్చుకుంటే, అప్పుడు ఒక చేతిలోకి తీసుకుంటాడు. నిలబడే తీరు మారుతుంది, దెబ్బ తర్వాత దెబ్బ సాఫీగా పడుతుంది. తెర మీద ఒక అంకె పెరిగిందని కాదు, మనిషే మారాడని కళ్లకు కనిపిస్తుంది. 2001లో ఇలా చూపించిన గేములు ఎన్నో లేవు.

లోకం కూడా తన పని తాను చేసుకుపోతుంటుంది. కమ్మరి ఇనుమును కొలిమిలో కాల్చి, దాగలి మీద కొట్టి, నీళ్లలో ముంచి, సాన పడతాడు. అదే పని మనమూ చేయొచ్చు. పొద్దుపోతే జనం మంట చుట్టూ చేరతారు, రాత్రి గుడిసెల్లో పడుకుంటారు. పరాయి గుడిసెలోకి వెళ్తే యజమాని వెంటపడి బయటికి పొమ్మంటాడు. ఎదురుగా కత్తి దూస్తే ముందు హెచ్చరిస్తాడు, వినకపోతే కొడతాడు. స్నాఫ్ అనే వంటవాడు పురుగులు, పుట్టగొడుగులు తెమ్మని అడిగి, వాటితో కొత్త రకం కూర వండి ఒక గిన్నె మన చేతిలో పెడతాడు. ఆ లోయలో మనకు మొదట దొరికే ఆదరణ అలాంటిదే.

వీటన్నిటి వల్ల, ఎవరైనా మనల్ని గౌరవంగా పలకరించే రోజు వచ్చినప్పుడు దాన్ని మనం సంపాదించుకున్నామని తెలుస్తుంది. ఎదురుచూస్తున్నవాళ్లు కోరేది ఆ ఒక్కటే. బొమ్మలు అందంగా ఉంటే సంతోషం, కానీ ఆ బరువు పోకూడదు.

మూడు శిబిరాలు అంటుంటారు, అవేమిటి?

పాత శిబిరం గోమెజ్ అనే ఖనిజ ప్రభువుది, రాజుతో వ్యాపారం అతని చేతిలో ఉంది. కొత్త శిబిరం వాళ్లు ఖనిజమంతా గుట్టగా పోసి, దాని శక్తితో తెరను పేల్చి బయటపడాలనుకుంటున్నారు. జల మాంత్రికులు, ఒకప్పుడు రాజు సేనాని అయిన లీ అక్కడే ఉంటారు. మూడోది చిత్తడి నేలలోని మత శిబిరం. నిద్రించేవాడు అనే దేవుడు తమను విడిపిస్తాడని వాళ్ల నమ్మకం, చిత్తడి ఆకు చుట్టి పీలుస్తారు. మొదటిసారి ఆడేవాళ్లు మూడూ తిరిగి చూసి, అప్పుడే దేన్లో చేరాలో తేల్చుకోండి. తొందరేమీ లేదు.

రీమేక్ ఎవరు చేస్తున్నారు? పాత జట్టేనా?

కాదు. ఆల్కిమియా ఇంటరాక్టివ్ అనే స్టూడియో, స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఉంది. ప్రచురించేది టీహెచ్‌క్యూ నార్డిక్. వాళ్లు 2019లో పిరాన్యా బైట్స్‌ను కొన్నారు, గోథిక్ హక్కులూ ఆ దారిలోనే వచ్చాయి. అయితే రీమేక్ పనిని పిరాన్యా బైట్స్‌కు కాకుండా వేరే జట్టుకు అప్పగించారు. అప్పట్లో ఎసెన్ జట్టు తమ ఎలెక్స్ సిరీస్ మీద ఉంది. ఎలెక్స్ 2 విడుదలైంది 2022లో. మాతృసంస్థ ఎంబ్రేసర్ గ్రూప్ ఖర్చులు తగ్గించుకునే క్రమంలో 2024లో పిరాన్యా బైట్స్ మూతపడింది. ఆ వార్త విన్న రోజు నాకు ఏ పనీ తోచలేదు. కన్నవాళ్లు లేకుండానే బిడ్డ పెళ్లి జరుగుతున్నట్టుంది.

ఒక్క ఊరట ఉంది. పాత గేమ్‌కు సంగీతం ఇచ్చిన కై రోజెన్‌క్రాంజ్ రీమేక్‌కు కూడా సంగీతం ఇస్తున్నాడు. పాత శిబిరం కోట గోడల దగ్గర వినిపించే ఆ నెమ్మది తంత్రీవాద్యం ఎవరైనా ఒక్కసారి వింటే మరిచిపోరు. ఆయన తిరిగి వచ్చాడన్నదే చాలామందిలో మొదట నమ్మకం కలిగించిన వార్త.

2019లో ఏదో టీజర్ వచ్చి గొడవైందట, నిజమేనా?

గొడవ కంటే దాన్ని అభిమానుల పరీక్ష అంటే సరిపోతుంది. 2019 డిసెంబరు 13న స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో ఒక ప్లేయబుల్ టీజర్, అంటే ఆడి చూసే చిన్న నమూనా పెట్టారు. పిరాన్యా బైట్స్ గేమ్ ఏదైనా కొని ఉన్నవాళ్లకు ఉచితం. ఆడి చూసి, రీమేక్ చేయమంటారా వద్దా అని అడిగారు. లక్షా ఎనభై వేల మందికి పైగా ఆడారు. సర్వేలో జవాబిచ్చినవాళ్లలో సుమారు 95 శాతం చేయమన్నారు. 2020 ఫిబ్రవరిలో రీమేక్ చేస్తున్నామని ప్రకటన వచ్చింది.

చేయమన్నారు గానీ, ఇలా వద్దన్నారు. టీజర్‌లో రంగులు పండగ వాతావరణంలా కళకళలాడాయి. హీరో కనిపించినదానికల్లా తనలో తాను మాట్లాడుకున్నాడు. కత్తి పోరాటం వేరే ఏదో గేమ్ నుంచి తెచ్చినట్టుంది. ఖైదీల లోయ అలా ఉండదు. అక్కడ గుడిసెలు, బురద, చలి, మురికి బట్టలు, ముభావంగా మాట్లాడే మనుషులు ఉండాలి. ఇదే మాట జర్మన్లు, పోలిష్‌వాళ్లు, రష్యన్లు ఎవరి భాషలో వాళ్లు చెప్పారు. ప్రచురణ సంస్థ విని, పాత గేమ్ వాతావరణానికి దగ్గరగా, అంతే కటువుగా చేస్తామని మాటిచ్చి పని మళ్లీ మొదలుపెట్టింది. చేసిన పనిని పక్కనపెట్టి మళ్లీ మొదలుపెట్టడం మాటలు కాదు. ఆ విషయంలో వాళ్లను మెచ్చుకోవాలి.

రీమేక్‌కూ రీమాస్టర్‌కూ తేడా ఏమిటి?

రీమాస్టర్ అంటే పాత ఇంటికి వెల్ల వేయడం. రీమేక్ అంటే అదే స్థలంలో, అదే కొలతలతో ఇల్లు మళ్లీ కట్టడం. ఇది రీమేక్. అన్‌రియల్ ఇంజిన్ 5 అనే గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ మీద మొత్తం కొత్తగా చేస్తున్నారు.

డెమో ఏమైనా వచ్చిందా? ఆడారా?

వచ్చింది. పేరు నైరాస్ ప్రోలాగ్. 2024లో గేమ్స్‌కామ్ ప్రదర్శనలో జనం చేత ఆడించారు, 2025 ఫిబ్రవరిలో స్టీమ్‌లో ఉచితంగా పెట్టారు. ఇందులో పేరులేని హీరో ఉండడు. అతనికంటే ముందు లోయలోకి వచ్చిన నైరాస్ అనే ఖైదీగా ఆడతాం. పాత గేమ్ ఆడినవాళ్లకు నైరాస్ గుర్తుండే ఉంటాడు. చిత్తడి శిబిరం వాళ్ల కోసం ఫోకస్ అనే మాయా రాయి తేవడానికి వెళ్లి, మతి చెడి మన మీదికే వచ్చేవాడు. పాతదాంట్లో రెండు నిమిషాలు కనిపించి పోయిన మనిషికి ఒక గతాన్ని ఇచ్చారు. ఈ ఆలోచన నాకు చాలా నచ్చింది, అసలు కథను ముట్టుకోకుండానే కొత్తది కలిపారు.

ఆడాను, రెండుసార్లు. కొండ దారి, చెక్క పలకలు, రాళ్ల మీద నాచు, దూరంగా ఆకాశంలో మెరిసే తెర చూసి కాసేపు నడవకుండా అలాగే నిలబడ్డాను. చోటు అదే, ఎక్కడ ఏ మలుపు వస్తుందో కాళ్లకు తెలుసు. పోరాటంలో మాత్రం బరువు ఎక్కువై కదలిక ఆలస్యమవుతున్నట్టు అనిపించింది. పని రానివాడి తడబాటు చూపించాలన్నది ఉద్దేశమైతే సరే. నేర్చుకున్నాక కూడా అలాగే ఉంటే కష్టం. డెమోలో అది తేలదు.

విడుదల ఎప్పుడు? ఏయే వాటిలో ఆడొచ్చు?

2025 ఆగస్టులో ప్రచురణ సంస్థ 2026 ఆరంభం అని చెప్పింది. పీసీ, ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లకు ప్రకటించారు. 2020 నుంచి చూస్తున్నవాళ్లం, ఇంకో నెల అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, సరిగ్గా రావాలి. 2006లో గోథిక్ 3 తొందరపడి బగ్గులతో విడుదలై ఎంత బాధపెట్టిందో ఆడినవాళ్లెవరూ మరిచిపోలేదు.

పాత గేమ్ ముందు ఆడాలా?

అవసరం లేదు, కథ మొదటి నుంచే మొదలవుతుంది. కానీ ఆడితే మంచిదని నా అభిప్రాయం. స్టీమ్‌లో చవగ్గా దొరుకుతుంది, సేల్‌లో అయితే టిఫిన్ ఖర్చు. పాత లాప్‌టాప్ అయినా చాలు. నింటెండో స్విచ్‌లో కూడా 2023 నుంచి ఉంది.

ఒక్క హెచ్చరిక. కంట్రోల్స్ మొదట చేతికి ఎక్కవు. మౌస్‌తో క్లిక్ చేసి ఆడే పద్ధతి కాదు. ఏ పని చేయాలన్నా కంట్రోల్ బటన్ నొక్కి పట్టుకుని బాణం బటన్ నొక్కాలి. వస్తువు తీయాలంటే కంట్రోల్, పై బాణం. కత్తి దెబ్బ ఎడమకు వేయాలంటే కంట్రోల్, ఎడమ బాణం. రెండు గంటలు ఓపిక పట్టండి. సైకిల్ నేర్చుకున్నట్టే, ఒక్కసారి వచ్చాక ఇక ఆలోచించక్కర్లేదు. తరచూ సేవ్ చేసుకోండి. అభిమానులు చేసిన ప్యాచ్‌లు, అంటే లోపాలు సరిచేసే ఫైళ్లు వేసుకుంటే కొత్త విండోస్‌లో ఇబ్బంది లేకుండా నడుస్తుంది.

ఎక్కడికి వెళ్లాలో బాణం గుర్తు చూపించదు. "వంతెన దాటి ఎడమ చేతి వైపు వెళ్లు" అని ఎవరో చెబుతారు, దాన్ని గుర్తుపెట్టుకోవాలి. మ్యాప్ కావాలంటే పాత శిబిరంలో గ్రాహమ్ దగ్గర కొనుక్కోవాలి. మన ఊళ్లలో దారి అడిగి వెళ్లే పద్ధతే కదా, మనకు కష్టమేమీ కాదు.

పోలండ్ వాళ్లు ఈ గేమ్ అంటే ప్రాణమిస్తారట, ఎందుకు?

2002లో అక్కడ పూర్తిగా పోలిష్ గొంతులతో విడుదలైంది. తమ భాషలో తిట్టే, నవ్వే, బేరమాడే ఖైదీలు దొరికేసరికి ఒక తరం మొత్తం దానితోనే పెరిగింది. అందులోని మాటలను ఇప్పటికీ రోజువారీ మాటల్లో వాడుకుంటారు, మనం సినిమా డైలాగులు వాడినట్టు. 2021 డిసెంబరులో పోలిష్ అభిమానుల జట్టు ఒకటి, గోథిక్ 2ను పునాదిగా తీసుకుని 'ది క్రానికల్స్ ఆఫ్ మిర్తానా: ఆర్కోలోస్' అనే పెద్ద మాడ్‌ను, అంటే ఉన్న గేమ్‌ను మార్చి చేసిన కొత్త గేమ్‌ను, ఉచితంగా విడుదల చేసింది. కొత్త దీవి, కొత్త కథ, అన్ని పాత్రలకూ గొంతులు. గేమ్ అంత పొడవు ఉంటుంది. ఏళ్ల తరబడి జీతం లేకుండా చేశారు. రీమేక్ చేసేవాళ్లకు అసలు పోటీ ఆ జట్టే అని నేననుకుంటాను. గోథిక్‌ను ఎలా చేయాలో అభిమానులే చేసి చూపించారు.

మన దేశానికి దీనితో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, అయితే చెప్పుకోవడానికి కొంచెం బాధగా ఉంటుంది. గోథిక్ 3 తర్వాత పిరాన్యా బైట్స్, ఆస్ట్రియా ప్రచురణ సంస్థ జోవుడ్ విడిపోయాయి. జోవుడ్ 2008లో 'ఫర్‌సేకెన్ గాడ్స్' అనే కొనసాగింపును ముంబైలోని ట్రైన్ గేమ్స్ చేత చేయించింది. అది బగ్గులతో వచ్చింది, అభిమానులు తిరస్కరించారు. ఎవరి సిరీస్‌నో తక్కువ సమయంలో అందుకుని నడపమంటే ఎవరికైనా కష్టమే, తప్పంతా ముంబైవాళ్ల మీద వేయడం న్యాయం కాదు. ఆ అనుభవం వల్లే పాత జట్టు లేని గోథిక్ అనగానే అభిమానులకు ఇప్పటికీ టెన్షన్ మొదలవుతుంది. 2010లో వేరే జట్టు చేసిన నాలుగో భాగం కూడా ఆ భయాన్ని పెంచిందే గానీ తగ్గించలేదు.

ఇక తెలుగువాళ్లంటారా, ఆడినవాళ్లు నాకు తెలిసి కొద్దిమందే. ఎక్కువమంది నాలాగే చదువుకో ఉద్యోగానికో జర్మనీ వెళ్లి అక్కడ అంటించుకున్నవాళ్లు.

ఏది మారాలి, ఏది మారకూడదు అంటారు?

కంట్రోల్స్ మారాలి, అందులో అనుమానం లేదు. చివరి అధ్యాయాలు నిండాలి. పాత గేమ్‌లో మొదటి రెండు అధ్యాయాలు జనంతో, పనులతో కిటకిటలాడతాయి. తర్వాత శిబిరాల్లో చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు, గుహలు, దేవాలయాల్లో పోరాటాలే ఎక్కువ. ఓర్కులకు కూడా ఇంకా చోటు ఇవ్వాలి. గనిలో బానిసగా ఉన్న తారోక్ అనే ఓర్క్‌కు మనం సాయం చేస్తే, అతను ఉలు-ములు అనే చిహ్నం చేసి ఇస్తాడు. అది పట్టుకుని వెళ్తే ఓర్కులు మన మీదికి రారు, శత్రువు అనుకున్నవాడు పక్కకు తప్పుకుని దారి ఇస్తాడు. పాత గేమ్‌లో నాకు అత్యంత ఇష్టమైన ఘట్టాల్లో ఇదొకటి, కానీ త్వరగా అయిపోతుంది.

ఆడవాళ్ల పాత్రల సంగతి కూడా చెప్పాలి. పాతదాంట్లో కొద్దిమందే, వాళ్లూ గోమెజ్ కోటలో, మత శిబిరంలో మాట లేని బొమ్మల్లా ఉంటారు. వాళ్లూ ఆ లోయలో చిక్కుకున్న మనుషులే. ఈసారైనా వాళ్లకు గొంతు ఇస్తే బాగుంటుంది.

మారకూడనిది కష్టం. మొదటి రోజు అడవిలో ఓటమి తప్పదు. దాన్ని తేలిక చేస్తే మిగతాదంతా ఉట్టి షికారు అవుతుంది. డియెగో, గోర్న్, మిల్టెన్, లెస్టర్ అనే నలుగురు ఖైదీలూ మూడు శిబిరాల్లో, వేర్వేరు పనుల్లో ఉండి కూడా పాత స్నేహితుల్లా ఒకరినొకరు నమ్మడం, ఒక్కొక్కరూ మెల్లగా మనవాళ్లు కావడం, అది కూడా ముట్టుకోకూడదు.

పిల్లలు ఆడొచ్చా?

చిన్నపిల్లలకు వద్దు. రక్తం, మత్తు ఆకు, బానిసత్వం, బూతులు ఉన్నాయి. ఇంటర్ దాటినవాళ్లకైతే పక్కన కూర్చుని చూపించండి.

విడుదల రోజున మొదట ఏం చేస్తారు?

సెలవు ముందే పెట్టుకుంటాను. డియెగో చెప్పిందంతా చివరి వరకు వింటాను, స్కిప్ నొక్కను. పాత శిబిరానికి చేరాక ఎవరిదో ఒక గుడిసెలోకి నడిచి వెళ్లి నిలబడతాను, యజమాని వచ్చి బయటికి పొమ్మంటాడో లేదో చూడాలి. తర్వాత తుప్పు పట్టిన కత్తి ఒకటి సంపాదించి బయటికి తీస్తాను. హీరో దాన్ని రెండు చేతులతో చేతగానట్టు పట్టుకుంటే చాలు, హాస్టల్లో నాకు ఆ లాప్‌టాప్ ఇచ్చిన కుర్రాడికి వెంటనే ఫోన్ చేస్తాను. అతనూ అప్పటికి ఆ లోయలోనే ఉంటాడు.